ఫల్గుణ పొయ్యి

"పొయ్యి వెయ్యడంలో ఏటుందే, మట్టిముద్దే కదా!" అని ఫల్గుణ అన్నప్పుడు బుద్రి నడుము లోతు గోతిలో దిగి ఆ మట్టిముద్దనే తవ్వుతోంది. గట్టు మీద నిలబడి బీడీ కాలుస్తున్న మొగుడి కాళ్లు తప్ప ఆమెకు పైన ఇంకేమీ కనబడటం లేదు. ఆ కాళ్లకు తెల్ల కేన్వాసు బూట్లున్నాయి. అరకు సంతలో ముచ్చటపడి కొనుక్కున్నవి. వాటి మీద మట్టి మరక ఒక్కటంటే ఒక్కటి లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ పొయ్యిల మేస్త్రి అని పిలిచే మనిషి బూట్లు అంత తెల్లగా ఎలా ఉంటాయని ఎవరైనా అడిగారా? అబ్బే, ఎవరికీ తోచలేదు.

"అవును మావా, ముద్దే. నువ్వూ ఓసారి దిగి సూడు, ఎంత సుకంగుంటదో" అంది బుద్రి, తట్ట పైకి అందిస్తూ.

"నానెలాగ దిగుతానే? పొయ్యి మట్టి కదా!" అన్నాడు ఫల్గుణ, తట్టకు కూడా చెయ్యి తగలకుండా ఓ అడుగు వెనక్కి వేసి.

అదీ సంగతి. ఆ కొండ మీది ఊళ్లో పొయ్యి మట్టి ఆడవాళ్లే ముట్టాలి. కొత్త సామలు తొలిసారి వండుకునే సామకొత్త పండుగకు ముందు ప్రతి ఇంట్లోనూ ఇల్లాలే మట్టి తవ్వి, ఊకా పేడా కలిపి, పాత పొయ్యిని తీసి కొత్తది వేస్తుంది. మగవాడు చెయ్యి పెడితే ఆ ఏడు కొత్త గింజ అలిగి గుమ్మం దాటి లోపలికి రాదంటారు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో గాని, ఆ మహానుభావుడికి నడుం నొప్పి ఉండి ఉంటుందని బుద్రికి గట్టి అనుమానం. తట్ట ఎత్తి పైన పెట్టమంటే చెయ్యి ముడుచుకునే మగవాడు, అదే పొయ్యి మీద ఉడికిన అంబలి మాత్రం రెండు ఆకు డొక్కుల నిండా లాగించేస్తాడు. కొత్త గింజకు అప్పుడు అలక రాదు కాబోలు!

ఇలా ఉండగా, ఆ మధ్య సర్కారు వాళ్లకు అడవి మీదా ఆడవాళ్ల కళ్ల మీదా ఒకేసారి జాలి పుట్టింది. మూడు రాళ్ల పొయ్యి కట్టెలు ఊరికే తినేస్తోందనీ, ఇల్లంతా పొగ నింపుతోందనీ, ఇకనుంచి ఇంటింటా రెండు నోళ్లూ ఒక గొట్టమూ ఉన్న పొగ లేని పొయ్యి వెయ్యాలనీ చెప్పారు. దాని పొడవుకీ వెడల్పుకీ లోపలి సొరంగానికీ అన్నిటికీ కొలతలున్నాయి, పోత పొయ్యడానికి ఇనప అచ్చు ఉంది. పదో తరగతి దాకా చదివిన యువకులు శిక్షణకు రావాలని కబురు పెట్టారు. ఆ ఊళ్లో పదో తరగతి గడప దాకా వెళ్లినవాడు ఫల్గుణ ఒక్కడే. తెల్లచొక్కా తొడుక్కుని అరకు బయల్దేరాడు. అతని వెనకాలే నెత్తిన అంబలి కుండతో బుద్రి. చదువుకునేవాడు ఆకలికి ఆగలేడని అత్త ముత్యాలమ్మ పంపింది.

అక్కడ రెండో రోజు వరకు అంతా పాఠమే. మూడో రోజున నేర్పే ఆయన మట్టి కుప్ప చూపించి "రండి, చెయ్యి పెట్టండి" అనేసరికి కొండలన్నిటి నుంచీ వచ్చిన యువకులంతా ఒక్కసారిగా వెనక్కి జరిగి, బయట కుండలు పట్టుకు కూర్చున్న తమ ఆడవాళ్ల వైపు చూశారు. ఆడవాళ్లు నవ్వుకుంటూ లేచి కొంగులు బిగించారు. మొగుళ్లు విన్నారు, పెళ్లాలు వేశారు. చివరి రోజున సర్టిఫికెట్లు మటుకు విన్నవాళ్లకే ఇచ్చారు.

ఆనాటి నుంచి ఊరూరా పొయ్యిలు లేచాయి. ప్రతి పొయ్యికీ గొట్టం పక్కన చిన్న రేకు బిళ్ల అతికించాలని రూలు. దాని మీద "తయారీ: ఫల్గుణ" అని అక్షరాలు. ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదువుకున్న బుద్రికి ఆ రెండు మాటలూ చదవడానికి ఏ సాయమూ అక్కర్లేదు. ఆరని మట్టిలో ఆ బిళ్లను తన బొటనవేలితోనే నొక్కేది. మీద పడ్డ మట్టిని తన కొంగుతోనే తుడిచేది. పైగా ఆ ఇంటి ఇల్లాలు ఆమె చేతుల మీద నీళ్లు పోస్తూ, "అదృష్టమంటే నీదేనే బుద్రీ, నీ మొగుడి సెయ్యి బంగారం!" అనేది. ఫల్గుణ అరుగు మీద కూర్చుని వాళ్లిచ్చిన టీ తాగుతూ ముసిముసిగా నవ్వేవాడు. ఊళ్లల్లో దానికి పేరు కూడా పడిపోయింది, ఫల్గుణ పొయ్యి అని.

"నా పేరు రాత్తే ఏటవుద్ది మావా?" అని ఒకసారి అడిగింది.

"నీదేటి, నాదేటే! ఇల్లు ఒకటే కదా" అన్నాడు ఫల్గుణ ఎంతో ప్రేమగా.

ఇల్లు ఒకటే అయినప్పుడు పేరు నాదైతే ఏమని ఎదురు అడగాలనిపించింది బుద్రికి. ఒకటే ఇల్లయితే రేపు నీ తెల్లచొక్కా నేనేసుకు తిరుగుతాను, నా చీర కట్టుకుని నువ్వు గోతిలో దిగు అని కూడా అనాలనిపించింది. ఆ వేషంలో మొగుణ్ణి ఊహించుకుని ఫక్కున నవ్వొచ్చి, అసలు మాట మింగేసింది. కాని నవ్వి ఊరుకున్నంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా? ఆమెకు ఆ పనంటే ప్రాణం. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి, రెండు నోళ్ల మధ్య సొరంగాన్ని తడి అరచేత్తో నున్నగా రాస్తూంటే ఒళ్లు తెలిసేది కాదు. పొయ్యి ఆరాక తొలిసారి ముట్టించిన రోజున ఆమె ఇంట్లో నిలిచేది కాదు, బయటికి పరిగెత్తి కప్పు మీది గొట్టంలోంచి పొగ వస్తోందా లేదా అని మెడ నొప్పెట్టేలా చూసేది. వచ్చిందంటే చప్పట్లు కొట్టేది. లోపల కళ్లు తుడుచుకోకుండా గంజి వార్చుకుంటున్న ముసలమ్మను చూస్తే, ఇది నేను చేశానని కొండెక్కి అరవాలనిపించేది. అరిస్తే నవ్వుతారు, పొయ్యి ఫల్గుణది కదా!

అలాంటి రోజుల్లో వైజాగ్ నుంచి జగన్నాథరావు అనే పెద్దాఫీసరు జీపులో దిగాడు. బట్టతల, మెత్తటి మాట. రచ్చబండ దగ్గర అందర్నీ కూర్చోబెట్టి కొత్త రూలు చెప్పాడు. పేరు నమోదైన ప్రతి మేస్త్రీ వచ్చే వారం తన ఎదుట, తన చేత్తో పొయ్యి వేసి చూపాలి. వెయ్యలేకపోతే పేరు కొట్టేస్తారు, పని పోతుంది. వేసి నెగ్గినవాళ్లను మాత్రం పాచిపెంటకీ గుమ్మలక్ష్మీపురానికీ పంపుతారు, అక్కడి ఊళ్లవాళ్లకు నేర్పడానికి.

బుద్రి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. పాచిపెంట! ఒకరి కూడు మోసుకుంటూ ఒకరి వెనకాల నడవకుండా ఆమె ఏ ఊరికీ వెళ్లి ఎరగదు. తనకోసమే బస్సెక్కి వెళ్లడం, కొత్త ఊళ్లో పదిమంది ఆడవాళ్లు చుట్టూ చేరితే మట్టి ఎలా పదును పెట్టాలో తన నోటితో చెప్పడం తలుచుకుంటేనే ఆమెకు నవ్వు ఆగలేదు. కావాలి, ఇది నాకు కావాలి అని ఆమె మనసు చంటిపిల్లలా పేచీ పెట్టింది. ఫల్గుణ మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

ఆ మర్నాడే బతిమాలడం మొదలుపెట్టాడు. "నేర్పవే. పేరు పోతే మనకే నట్టం. అమ్మకి తెలీకుండా పసుపుతోట ఎనకాల నేర్పెయ్యి."

"పొయ్యి మట్టి ముట్టుకుంటే కొత్తగింజ అలుగుద్ది కదేటి?"

"ఈ ఒక్క ఏడూ సర్దుకుంటాదిలే!"

బుద్రికి పాడు బుద్ధి పుట్టలేదంటే అబద్ధం. సొరంగం కొలత రెండు వేళ్లు ఇరుకుగా చెప్తే చాలు, మొగుడు ఆఫీసరు ముందు అడ్డంగా దొరుకుతాడు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. కాని తప్పుడు కొలత నేర్చుకున్నవాడు రేపు నిజంగానే ఎవరింట్లోనో పొయ్యి వేస్తే? ఆ ఇంటి ఇల్లాలు పొగలో కళ్లు పోగొట్టుకుంటుంది, వీడికేం పోయింది? ఛీ, అని తనను తానే తిట్టుకుని ఉన్నదున్నట్టు నేర్పింది. పాపం, అతనూ కష్టపడ్డాడు. అచ్చు తీసీ తియ్యగానే గోడ కూలేది. మొదటి పొయ్యి చీమలపుట్టలా లేచింది. రెండోది గేదె పడుకున్నట్టు కూలబడింది. బుద్రి పొట్ట పట్టుకు నవ్వింది. అతనూ మట్టి మీసాలతో నవ్వాడు.

"నడుం ఇరిగిపోతందే బాబూ! రోజూ ఇదెలాగ సేత్తన్నావు?" అన్నాడు. పెళ్లయ్యాక అతనా మాట అడగడం అదే మొదలు. బుద్రి మనసు వెన్నలా కరిగింది. కరిగిందో లేదో అతనే మళ్లీ అన్నాడు, "నానెలాగో నెగ్గితే సాలు. పాచిపెంటెల్లాక నువ్వే ఏద్దువుగాని. నా ఎనకాల సాయానికి వచ్చీ."

మళ్లీ ఎనకాలే! ఆ రోజు ఆమె మట్టి కడుక్కోకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

పరీక్ష నాడు ఫల్గుణ తెలివిగా తల్లిని పొద్దున్నే సంతకి పంపేశాడు. జగన్నాథరావు మొదట వాళ్లింట్లోని పాత ఫల్గుణ పొయ్యినే పరీక్షించాడు. కట్టెలు తూచి పెట్టాడు, నీళ్లు కొలిచి పోశాడు, గిన్నెలో థర్మామీటరు వేలాడదీశాడు. చూడవచ్చిన ఊరికంతటికీ విడమరిచి చెప్పాడు. కట్టెలో ఉన్న వేడిలో కనీసం ఐదో వంతు గిన్నెకు చేరాలి, చేరకపోతే సర్కారు లెక్కలో అది పొయ్యే కాదు. మూడు రాళ్ల పొయ్యి అందులో సగం కూడా ఇవ్వదట. తిన్నదంతా గాలికి వదిలేస్తుందట.

బుద్రి మూల నిలబడి విని ఆలోచనలో పడింది. పొయ్యికి ఇంత న్యాయం ఉందా! ఎంత మింగావు, ఎంత తిరిగిచ్చావు అని దాన్ని నిలబెట్టి అడుగుతున్నారు. కోడి కూసిన దగ్గర్నుంచి ఈ ఇల్లు తనను మింగుతోంది. నీళ్లు, కట్టెలు, దంపుడు, కాఫీ తోటలో కూలి, ఆపైన గోతిలో మట్టి. ఇందులో తన పేరు మీద తనకు చేరేది ఐదో వంతుందా? పదో వంతుందా? ఈ ఇంటి కిందా ఓ థర్మామీటరు పెడితే నెగ్గుతుందా?

నీళ్లు మరిగాయి. ఆఫీసరు లెక్క చూసుకుని, "భేష్! ఐదో వంతు దాటింది. ఏం చెయ్యయ్యా నీది!" అని ఫల్గుణ భుజం తట్టాడు. "ఇక బయట మట్టి సిద్ధంగా ఉంది. ఓ పొయ్యి వేసి చూపించు, నీ పని అయిపోయింది."

ఫల్గుణ చొక్కా చేతులు మడిచాడు. అచ్చు పెట్టాడు. ముద్ద తీసుకున్నాడు. అంతే! దడి అవతల నుంచి పెడబొబ్బ వినిపించింది. ఊళ్లోకి జీపొచ్చిందని సంతలో ఎవరో చెబితే కొడుకు గొప్ప కళ్లారా చూద్దామని సంత సగంలో వదిలి వచ్చేసింది ముత్యాలమ్మ.

"ఓలమ్మో! ఓలమ్మో! మగోడు పొయ్యి మట్టి ముడతాడేట్రా! ఒగ్గీరా, బేగి ఒగ్గీ!" అంటూ తట్ట పారేసి వచ్చి కొడుకు చేతిలో ముద్దను కొట్టి పడేసింది. ఆఫీసరు వైపు తిరిగి చేతులు జోడించింది. "బాబుగోరూ, మా గుంటడు సుద్దమైనోడు. ఏ దేవతకైనా పెమాణం సేత్తాను. ఇన్ని పొయ్యిలేసినారు కదా, ఒక్క దానికీ ఆడి సెయ్యి తగల్లేదు! అన్నీ మా కోడలే ఏసింది. ఊరంతా ఎరుగుదురు, అడగండి కావాలంటే!"

ఊరంతా నిజంగానే ఎరుగుదురు. ఊరంతా నేల చూపులు చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు.

జగన్నాథరావు కళ్లజోడు తీసి, ఫల్గుణను చూసి, బుద్రిని చూశాడు. "నిజమేనా అమ్మా?"

ఫల్గుణ కళ్లతో వేడుకుంటున్నాడు. కాదను, అమ్మకి మతి చెదిరిందను, ఇల్లు ఒకటే కదే అని ఆ కళ్లు అంటున్నాయి. బుద్రికి జాలేసింది. నిజంగా వేసింది. ఇన్నేళ్లూ ఆ జాలే కదా తన నోరు కట్టేసింది అని కూడా అప్పుడే తెలిసింది.

"నిజమే బాబూ. అన్నీ నా సెయ్యే" అంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవులూ అడగలేదు."

ఆమె కొంగు బిగించి మట్టి ముందు గొంతుక్కూర్చుంది. ఆ తరవాత ఎవరు ఏమన్నారో ఆమెకు వినబడలేదు. అచ్చు తీసేసరికి గోడ నిటారుగా నిలబడింది. రెండు నోళ్లూ నిండుగా తెరుచుకున్నాయి. ఆడవాళ్లు ముందుకు తోసుకొచ్చి, "మా ఇంట్లోదీ ఇదేనే!" అని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. ముత్యాలమ్మ కొడుకు చేతులు కడిగేస్తూ, "మా కోడలి పనితనమే పనితనం" అని గొప్పగా చెబుతోంది. తను చేసిన నిర్వాకం ఏమిటో ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

జగన్నాథరావు సొరంగంలో చెయ్యి పెట్టి చూసి, కొలబద్దతో కొలిచి, తల ఊపాడు. "చెయ్యి ఎవరిదైతే పేరూ వాళ్లదే, రూలు అంతే. బుద్రి అని రాసుకుంటున్నాను. వచ్చే నెల నుంచి పాచిపెంటలో పని మొదలు." మంచి మనిషే. మంచి మనిషే గాని, ఆ మాట అయిన వెంటనే అలవాటు కొద్దీ అరుగు మీద కూలబడ్డ ఫల్గుణ వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఆవిణ్ణి పంపుతావా మరి?"

ఫల్గుణ గొంతు సవరించుకున్నాడు. పోయిన పరువు సగం తిరిగొచ్చినట్టు కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఆలోచించి చెప్పడానికి నోరు తెరిచాడు.

బుద్రి మట్టిచేతులతోనే లేచి ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది.

"ఆయన్నేటి అడగతారు బాబూ? ఎల్లేది నాను. బస్సు ఏ ఏళకో నాకు సెప్పండి."