గుడ్డ పిట్టల సంఘం

నార్బీ ఊళ్లో మార్డెల్ హాగెన్ మాట పాస్టరుగారి మాట కంటే ఒక మెట్టు పైనే ఉండేది. ఆదివారం ఆయన పాపాల గురించి చెబుతుంటే జనం ఆవులిస్తూ వినేవారు. గురువారం మధ్యాహ్నం అదే చర్చి నేలమాళిగలో ఆవిడ కుట్టు గురించి చెబుతుంటే మాత్రం కాఫీ కప్పు కిందపెట్టిన చప్పుడు కూడా వినపడేది కాదు. క్రిస్మస్‌కి చర్చిలో నిలబెట్టే చెట్టు కోసం గుడ్డ పిట్టలు కుట్టే సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తులేదు. అసలు జరిగిందా అని అడిగే ధైర్యం అంతకంటే లేదు.

పిట్ట అంటే ఆవిడ దృష్టిలో ఎర్రపిట్టే. మిన్నెసోటా చలికి తట్టుకోలేక తక్కిన పిట్టలు చాలావరకు దక్షిణానికి ఎగిరిపోతే, నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకుని మంచు పేరుకున్న కంచె మీద దర్జాగా కూర్చుంటుందని దానిమీద ఆవిడకు గౌరవం. దాన్ని ఉన్నిగుడ్డతో, చేత్తో, సన్నటి కుట్టుతో కుట్టాలి. మిషను కుట్టు పనికిరాదు. జిగురు మహాపాపం. ఒక ఏడాది సంఘంలోని డార్లీన్ తన పిట్టకు ముక్కును జిగురుతో అంటించి తెచ్చిందని, ఆ పిట్టను రెండు వేళ్లతో పట్టుకుని అందరి ముందూ పైకెత్తింది.

"ఇది పిట్ట కాదు డార్లీన్, కవరు. స్టాంపు అంటించి పోస్టులో వేసెయ్."

అందరూ నవ్వారు. డార్లీన్ కూడా నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ ఎప్పుడు ఎదురైనా చలి గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. నార్బీలో అందరూ మాట్లాడుకునేది చలి గురించే కాబట్టి, వాళ్లకు పడటం లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

ఈ ఏడాది నవంబరులో చెత్త పారేయబోయి మార్డెల్ పెరటి మెట్టు మీద జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. డాక్టరు పిండికట్టు వేసి, క్రిస్మస్ దాటేదాకా ఆ చేత్తో ఏ పనీ చెయ్యొద్దన్నాడు.

"పోనీ, ఈ ఏడాదికి నావల్ల కాదని చెప్పెయ్యవే," అన్నాడు భర్త లైల్.

"చెబితే ఆ కుర్చీలో డార్లీన్ కూర్చుంటుంది. ఇక చెట్టుకి పిట్టలుండవు, కవర్లుంటాయి."

లైల్ మంచివాడు. చేపల గాలాలకు ఈకలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. "ఆ సూది ఇలా తే," అని కూర్చుని సాయంత్రానికి ఒకటి తయారుచేశాడు. మార్డెల్ కళ్లజోడు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"దీనికి మొప్పలెందుకు పెట్టావు?"

"అవి రెక్కలే."

"ఇది నోరు తెరుచుకుని నావైపే చూస్తోంది లైల్."

"పిట్ట అనుకునే మొదలుపెట్టాను. మధ్యలో చెయ్యి దాని దారిన అది పోయింది," అని లైల్ దాన్ని తీసుకెళ్లి గాలాల పెట్టెలో దాచుకున్నాడు. ఆయనకది నచ్చింది.

ఆ వారమే కట్టు చూపించుకోవడానికి ఇద్దరూ దులూత్ పట్నం వెళ్లారు. లైల్ కారులో పెట్రోలు పోయిస్తుంటే, చలికి తాళలేక మార్డెల్ ఎదురుగా ఉన్న పెద్ద దుకాణంలోకి వెళ్లింది. చలికేనని తనకు తానే నచ్చజెప్పుకుంది. గుమ్మం దగ్గరే బుట్ట నిండా ఎర్రపిట్టలు! ఉన్నిగుడ్డవే. అన్నీ తల కాస్త పక్కకి వంచి, ఎవరి గుట్టో వింటున్నట్టున్నాయి. తప్పు పడదామని ఒకదాన్ని తిరగేసింది. కుట్టు సన్నగా, సమంగా ఉంది. రెక్క అంచున బూడిదరంగు దారం ఎక్కడా తడబడలేదు. తాను ఏనాడూ ఇంత బాగా కుట్టలేదని అర్థమై ఆవిడకు ఒళ్లు మండింది. రెక్క కింద చీటీ మీద "చేతికుట్టు, నేపాల్" అని ఉంది.

ఇంటికొచ్చాక ఆ చీటీలన్నీ కత్తిరించి పొయ్యిలో వేస్తుంటే లైల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున్న కారెక్కేటప్పుడు లేని పిట్టలు ఇప్పుడెక్కడివి?"

"వలస వచ్చాయి. నోరు మూసుకుని కాఫీ తాగు."

గురువారం సంఘం కూడినప్పుడు బెర్నీస్ జాలిగా అడిగింది, ఈసారి పిట్టలకు ఏం దారి అని. "అయిపోయాయి. గుడ్డ మోకాళ్ల మధ్య బిగించుకుని ఒక్క చేత్తోనే కుట్టాను," అంది మార్డెల్. అంతవరకే అబద్ధమాడాలనుకుంది. కానీ ఆ మాట బెర్నీస్ నోట పడి పాస్టరుగారి చెవికి చేరింది. ఆయన ఆదివారం ప్రసంగానికి సరుకు దొరక్క అవస్థపడుతున్నాడు. "విరిగిన చెయ్యి, విరగని విశ్వాసం" అంటూ ఆవిడ మోకాళ్లను గంటసేపు పొగిడాడు. మార్డెల్ తల దించుకుంది. జనం ఆ వినయాన్ని కూడా మెచ్చుకున్నారు.

చెట్టు నిలబెట్టిన రోజు ఆడవాళ్లంతా తమ తమ అట్టపెట్టెలతో వచ్చారు. ముందు మార్డెల్ తన పెట్టె తెరిచింది. "అబ్బ!" అన్నారంతా. అయితే ఎప్పటిలా దగ్గరికి వచ్చి కుట్టు తడిమి చూసినవాళ్లు లేరు. అదేమిటా అని ఆవిడ అనుకుంటుండగానే డార్లీన్ తన పెట్టె తెరిచింది.

అవే పిట్టలు. అదే బూడిదరంగు దారం. తల కూడా అదే పక్కకి.

బెర్నీస్ పెట్టెలోనూ, తక్కిన పెట్టెల్లోనూ అవే. బల్ల మీద పరిచాక అన్నీ కలిసి ఒకే గుట్టు వింటున్నట్టున్నాయి.

"నమూనా ఒకటే కదా," అంది బెర్నీస్.

"అవునవును. మార్డెల్ దగ్గర నేర్చుకున్నాం, మాకూ ఆవిడ చెయ్యే వచ్చింది," అంది డార్లీన్, కట్టున్న చేతి వంక చూస్తూ.

పాస్టర్ ఓస్బీ బిస్కట్ నములుతూ వచ్చి బల్లంతా కలయజూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశారా! ఒకే ఆత్మ నడిపిస్తే ఇన్ని చేతులూ ఒక్క చెయ్యిలా కుడతాయి. వచ్చే ఆదివారం దీని మీదే మాట్లాడతాను."

"వద్దండీ!" అన్నారు ఆడవాళ్లంతా ఒక్కసారే.

అంతలో టిల్లీ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. సంఘంలో అందరికంటే పెద్దది టిల్లీ. వినపడేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఆవిడ పెట్టెలో ఒక పిట్ట బంగాళాదుంపలా ఉంది. ఇంకోదానికి రెండు కళ్లూ ఒకే పక్కనున్నాయి. ఆవిడ బల్ల మీదకి చూసి ఎగిరిపడింది.

"ఏమర్రా, మొత్తం మీరే ఊడ్చుకొచ్చారన్నమాట! ఆ దులూత్ కొట్లో నాకు ఒక్కటి మిగిల్తే ఒట్టు. ఖాళీ బుట్ట చూసి వచ్చాను. చచ్చినట్టు కూర్చుని ఇవి కుట్టుకోవాల్సొచ్చింది. వేళ్లన్నీ తూట్లు!"

పాస్టరు నమలడం ఆపేశాడు.

"పాపం, టిల్లీకి వయసు మీదపడుతోంది," అని బెర్నీస్ గొణిగింది. అందరూ ఆత్రంగా తలలూపారు. మార్డెల్ కూడా ఊపింది. ఊపాక ఆవిడకు చెవులు వేడెక్కాయి.

"ఏంటీ? ఏమంటున్నారు?" అని అరిచింది టిల్లీ.

"మీ పిట్టలు బాగున్నాయంటున్నాం!" అంది బెర్నీస్ గట్టిగా.

"అబద్ధాలాడకు. చర్చిలో ఉన్నాం."

అప్పుడు డార్లీన్ మెల్లగా అంది. "అయినా, చేత్తో కుట్టాలనేగా నియమం? ఎవరి చేత్తో అని లేదుగా. ఏమంటావు మార్డెల్?"

అందరి కళ్లూ అధ్యక్షురాలి మీదకు తిరిగాయి. డార్లీన్ ముఖంలో వెటకారం ఉంటుందనుకుని చూస్తే, అక్కడా తనలాంటి బెదురే కనిపించింది.

"లేదు," అంది మార్డెల్. "ఆ మాట ఎక్కడా లేదు. కానివ్వండి, తగిలించండి."

టిల్లీ పిట్టలను మార్డెల్ అలవాటు కొద్దీ గోడవైపు కొమ్మకి తగిలించబోయింది. "అక్కడ పెడితే నాకెలా కనిపిస్తాయే?" అని టిల్లీ కర్రతో నేల మీద కొట్టేసరికి తెచ్చి ముందుకొమ్మకే కట్టింది. ఆదివారం ఊరంతా వచ్చి చెట్టు చూసింది. ఈసారి పనితనం ఎంతో పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ బంగాళాదుంపను వేలితో తట్టి, "ఈ ఒక్కటీ ఎక్కడో కొన్నట్టుంది. చవకరకం," అంది.

ఆ మధ్యాహ్నం మార్డెల్ ఫోను తీసి డార్లీన్‌కి చేసింది. కాసేపు చలి గురించి మాట్లాడుకున్నారు.

"నీ చీటీలేం చేశావు?" అని ఉన్నట్టుండి అడిగింది డార్లీన్.

"పొయ్యిలో వేశాను. నువ్వు?"

"కాఫీ డబ్బాలో దాచాను. చెత్తలో వేద్దామంటే, చెత్తబండి తోలేది మా మరిది."

మార్డెల్‌కి నవ్వు ఆగలేదు. అవతల డార్లీన్ కూడా ఎక్కిళ్లు పెట్టుకుంటూ నవ్వింది. వంటింట్లోంచి లైల్ తొంగి చూసి, ఫోనులో ఉన్నదెవరో అర్థంకాక వెళ్లిపోయాడు.

"వచ్చే ఏడాది అక్టోబరులోనే వెళ్దాం," అంది మార్డెల్ కళ్లు తుడుచుకుంటూ. "మా కారులోనే. బెర్నీస్‌నీ రమ్మందాం."

"మరి టిల్లీ?"

"ఆవిణ్ణి ముందు ఎక్కించుకోవాలి. ఇంట్లో వదిలేసి వెళ్తే మళ్లీ కుట్టేస్తుంది."