ఎండిన ఇప్పచెట్టు కింద

మాసే కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంటికి మూడు ఇప్పచెట్లు. తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, కోడళ్లు వచ్చారు, పెద్దకోడలు సుక్కి ముగ్గురు పిల్లల్ని కన్నది, ఇప్పుడు చిన్నకోడలు ఆయతి కడుపుతో ఉంది. ఇల్లు నిండింది గాని చెట్లు నాలుగు కాలేదు. పైగా వాగుమిట్ట మీది చెట్టు రెండేళ్ల కిందట నిలువునా ఎండిపోయి, రెండే మిగిలాయి.

భేజ్జి ఊరి చుట్టుపక్కల ఏ ఇంటి చెట్టు ఆ ఇంటిదే. తండ్రి చెట్టు కొడుకులకు వస్తుంది. వానల్లో గింజలు అడుగంటినప్పుడు పిల్లల కడుపు నింపేది ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వే. అడవిలో చెట్లు లేక కాదు. ఈమధ్య జగదల్పురం రాజుగారి దర్బారు మనుషులు వచ్చి అడవికి హద్దు గీత కొట్టిపోయారు. గీతకు అవతలి చెట్టును నాదంటే ఒప్పుకోరు.

కోడళ్లిద్దరికీ ఒక పొయ్యి దగ్గర పొసగడం లేదు. జావలో ఉప్పు ఎక్కువైందన్న మాట దగ్గర మొదలై పుట్టిళ్ల దాకా పోతోంది. అందుకని చిన్నకొడుకు పొజ్జా వాగుమిట్ట మీద వేరే ఇల్లు వేసుకుంటానన్నాడు. మిట్ట మెరక, పెద్దింటికి దూరం. మాసే ప్రాణం తెరిపిన పడింది. కొడుకులకు తలో చెట్టూ ఇస్తే సరిపోతుంది. మరి సుక్కి ముగ్గురికీ, ఆయతి కడుపులో ఉన్నదానికీ ఏ చెట్టు?

ఆ బెంగతో ఆమె ఊరి పొలిమేరంతా తిరిగింది, ఎవరూ గుర్తు పెట్టుకోని లేతచెట్టు ఒక్కటైనా కనబడకపోతుందా అని. చేలగట్ల మీద, వాగు వెంబడి, ఎక్కడ చూసినా మామగారి కాలం నాటి మానులే. మనుషుల్లో ముసలివాళ్లున్నారు, పడుచులున్నారు, చంటివాళ్లున్నారు. ఇప్పచెట్లలో మాత్రం తాతలే ఉన్నారు. ఇదెట్లా అయిందో ఆమెకు అంతుపట్టలేదు.

మాఘం చివర ఒక పొద్దున పొజ్జా ఇంటిజాగా కాల్చడానికి కొరివి పట్టుకుని మిట్టకు బయల్దేరాడు. మాసే, ఆయతి వెంట వెళ్లారు. ఎండిన చెట్టు కింద గడ్డి పక్కకు తొలగించిన మాసే అక్కడే చతికిలబడింది. రాలుటాకుల మధ్య జానెడు ఎత్తువీ, మూరెడు ఎత్తువీ ఇప్పమొక్కలు. గబ్బిలాలు చప్పరించి పడేసిన పండ్లు మొలిచినట్టున్నాయి.

రాలిన పువ్వు ఏరుకోవడానికి నేల తేటగా ఉండాలని ప్రతి ఇల్లూ ఏటా చెట్టు కింద ఆకు పోగేసి కాలుస్తుంది. తర్వాత నూనెకని పండ్లలోని పలుకులు కూడా ఏరుకుంటారు. ఈ చెట్టు పూయదు గనక రెండేళ్లుగా ఎవరూ దీని కింద నిప్పు పెట్టలేదు, మొలిచినవి బతికాయి. తన చెట్ల కింద గడ్డిపోచ కూడా ఉండదని మాసేకు పేరు. ఇన్నేళ్లూ ఆ పేరు చూసుకుని మురిసిపోయింది.

"నిప్పు ఆర్పు పొజ్జా. ఇల్లు ఇంకో తాన వేసుకో," అంది.

పొజ్జా మొక్కల వంక చూసి నవ్వాడు. "ఇవి ఎప్పుడు పూయాలె అవ్వా? నా కొడుక్కి గడ్డమొస్తది అప్పటికి."

ఆయతి నడుం పట్టుకుని వంగి చూసింది. "గడ్డమొచ్చినోడికి ఆకలి కాదా ఏంది?" అంది మొగుడితో.

మిట్ట కాదంటే మిగిలిన మెరక పెద్దింటి పక్కదొక్కటే. చిన్నింటి గోడ సుక్కి పొయ్యికి ఎదురుగా లేచింది. ఇక తన చెవులకు విరామం లేదని మాసేకు తెలుసు. అనుకున్నట్టే సుక్కి మొదలుపెట్టింది. తన పొయ్యి పొగ అటు వస్తే తగువుకు రావద్దంది, నీళ్లు ఇటు పారబోయొద్దంది, నాలుగు ఆకుమొక్కల కోసం ఇంత జాగా వదిలేసిన అత్తను ఎక్కడా చూడలేదని వినబడేట్టే అంది.

ఒక మధ్యాహ్నం మాసే మొక్కల చుట్టూ ముళ్లకంప వేస్తుంటే సుక్కి వచ్చింది. వెనకే ఆమె మేక. సుక్కి చాలాసేపు వంగి మొక్కల్ని చూసింది.

"అత్తా, పంచేటప్పుడు తలకింతని పంచాలె. నాకు ముగ్గురు. ఆమెకింకా ఒక్కడన్నా పుట్టలే."

"పంచుదాం గాని, ముందు నీ మేకను కట్టెయ్యి," అంది మాసే. అప్పటికే అది ఒక చిగురు అందుకోబోతోంది.

సుక్కి దాన్ని తిట్టుకుంటూ ఈడ్చుకెళ్లి ఎండుమానుకు కట్టేసి, ముళ్లకంప రెండో కొస పట్టుకుంది. తన ముగ్గురికీ ఏ మొక్కలు రావాలో చెబుతూనే ఉంది.