రెండు సెకన్లకు ఒక లైను

రెండు సెకన్లు ఎక్కువేమో, ఒకటిన్నర చాలదా, కాని ఒకటిన్నర పెట్టిన రోజు సర్వరు మళ్ళీ బయటికి తోసేసింది కదా, వద్దు, రెండే ఉండనీ, తొందరేముంది, చదివేది ఒక్క మనిషి, అది కూడా వస్తే, ఇంకా రాలేదు, తెరకు కుడి పక్కన పేర్లు కనిపించే చోట నేను పెట్టిన వంటిల్లు ఒక్కటే ఉంది, కింద మందుల షాపు ముందు ఎవరో స్కూటరుకు కిక్కు కొడుతూనే ఉన్నారు, అది అంటుకోవడం లేదు, నారాయణగూడ చౌరస్తా మోత మెట్ల మీదుగా పైకొచ్చి ఈ నెట్ సెంటర్ చెక్క గూళ్ళ మధ్య తిరుగుతోంది, నా పక్క గూటిలో అబ్బాయెవరో అశోక్ నగర్ కోచింగ్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని క్రికెట్ స్కోరు చూస్తున్నాడు, వాళ్ళమ్మ ఎక్కడో వాడు చదువుతున్నాడనుకుంటూ ఉంటుంది, మా ఆయన నేను చిక్కడపల్లి లైబ్రరీలో ఉన్నాననుకుంటున్నట్టే, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, ఇంటికి వెళ్ళేటప్పుడు అక్కడ ఒక పుస్తకం తీసుకునే వెళ్తాను, చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి, నిన్న చూపిస్తే అట్ట చూసి గింత లావుది ఎప్పుడు సదువుతవ్ అన్నాడు, చదువుతాలే అన్నాను.

వంటిల్లు మనిషి కాదు, బాట్, మనిషిలా పేరు పెట్టుకుని ఛాట్ గదిలో కూర్చునే చిన్న ప్రోగ్రాం, ఎవరైనా ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టి పచ్చిపులుసు అని కొడితే ఆ పేరుతో ఉన్న టెక్స్ట్ ఫైలు తెరిచి అందులో ఉన్నది లైను తర్వాత లైనుగా తెర మీద చూపిస్తుంది, దాని చదువు అంతే, దానికి నేర్పిన స్క్రిప్టు ఒక పోస్టుకార్డు మీద పడుతుంది, ఆ కాస్తా రాయడానికి నాకు వానాకాలమంతా పట్టింది, డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని, బ్రాకెట్టు తెరిస్తే మూయాలని తెలుసు, అయినా మొదటి రోజు అది నోరు తెరవలేదు, రెండో రోజు తెరిచి ఒక ముక్క చెప్పి మధ్యలో ఆగిపోయింది, ఉత్తరం రాసే అలవాటుతో ఫైలంతా ఎంటర్ కొట్టకుండా ఏకబిగిన రాసుకుపోయాను మరి, దానికి అదంతా ఒకటే లైను, పట్టినంత చెప్పి మిగతాది వదిలేసింది, లైన్లు విడగొడితే ఈసారి అన్నీ ఒక్కసారే గుమ్మరించి మాయమైంది, వరద అని కారణం చూపించింది సర్వరు, ఈ సెంటరు నడిపే మనీష నా భుజం మీదుగా చూసి నవ్వింది, మొత్తం ఒకేసారి కక్కితే ఎవడు ఉండనిస్తడక్కా, సర్వర్ బయటికి నూకుతది, జర ఆగి ఆగి చెప్పాలె, ఒక లైను, రెండు సెకన్లు, మళ్ల ఒక లైను, మా అత్తమ్మకు గూడ గిట్లనే టైమర్ పెట్టేదుంటే ఎంత మంచిగుండు అంటూ సెకన్లు వేసే చోటు చూపించింది.

జర ఆగి ఆగి చెప్పాలె, ఆ ముక్క నాకు ఆ ఫోను వచ్చిన రోజు ఎవరూ చెప్పలేదు, నా కూతురు రచన ఇల్లు వదిలి వెళ్ళిపోయాక ఒకే ఒక్కసారి చేసింది, వాళ్ళ నాన్న ఆఫీసులో ఉండే వేళ చూసుకుని, అమ్మా అంది, ఇక నేను అందుకున్నాను, యాడున్నవే, తిన్నవా, ఇల్లెట్లుంది, నల్లా వస్తదా, పిల్లగాడు మంచిగ చూస్తుండా, పెండ్లి గుళ్ళె అయిందా ఆఫీసుల అయిందా, తాళి కట్టిండా లేదా, మీ నాయినకు ఒక్క మాట చెప్పి పోతే ఏమైతుండె, ఎవరన్న ఉన్నరా ఆడ మనోళ్ళు, అటువైపు ఊపిరి వినిపించింది, కాసేపటికి అదీ లేదు, నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను, రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని, ఏం కూరగాయలు దొరుకుతాయి అక్కడ అని కూడా అడిగాను చూడు, ఎవరిని అడిగానో.

రచన పెళ్ళాడిన పిల్లవాడిది తప్పు పట్టే చదువు కాదు, ఉదయ్ కుమార్, అశోక్ నగర్‌లో రచనకు కంప్యూటర్ కోర్సు చెప్పిందీ అతనే, మా మేడ మీది గదికి స్లాబు వేసిన మేస్త్రి ఆశన్న కొడుకు, పాలమూరు నుంచి వచ్చి కవాడిగూడ బస్తీలో ఉంటున్నారు, స్లాబు వేసిన రోజు ఆశన్న అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే మా ఆయన రాఘవేందర్, ఆశన్నా నీ చెయ్యి పడ్డదంటే నీళ్ళు దిగయి అని పదిమందిలో మెచ్చుకున్నాడు, ఇప్పటికీ దిగలేదు, ఎంత వాన కొట్టినా ఆ గదిలో చెమ్మ లేదు, అది రచన గదే, ఖాళీగా ఉంది, దాని పేరు ఈ ఇంట్ల ఇనబడొద్దు అన్నాడు ఆయన, గట్టిగా కూడా కాదు, అన్నంలో పెరుగు కలుపుకుంటూ, నేను ఉప్పు గిన్నె ఆయన వైపు జరిపాను, ఆ తర్వాత ఆ పేరు వినపడలేదు, ఆయన ఒకసారి చెప్తే రెండోసారి చెప్పాల్సిన పని లేకుండా ఇరవై ఏళ్ళుగా చూసుకుంటున్నదాన్ని నేనే కదా.

చిక్కడపల్లి మార్కెట్లో చింతపండు బేరం చేస్తుంటే రాగిణి కనబడింది, రచన స్నేహితురాలు, అటూ ఇటూ చూసి చెప్పింది, ఆంటీ, అది మధ్యాన్నం పూట మా ఛాట్ రూముకి వస్తది, నేను చెప్పిన అనకుండ్రి, వంటల గురించే అడుగుతది, పప్పుచారుల పులుపు ఎక్కువైతే ఏం చెయ్యాలె అంటది, నాకేమెరుక, నాకు ఛాయ్ తప్ప ఏమొస్తది, యాడుందే అది అన్నాను, రాగిణి ముఖం ముడుచుకుంది, అది నన్నడగొద్దు ఆంటీ, నేను గూడ దాన్ని అడుగ, అడిగితే నాతోని గూడ మాట్లాడది అంది, పులుపుకు ఇంత బెల్లం, కాదు, ముందు పప్పు నీళ్ళు, ఆ తర్వాతే బెల్లం, అక్కడే నిలబడి చెప్పబోయాను, రాగిణికి చెప్పి ఏం లాభం, ఇంకో ఛాట్ గదిలో అడిగినవాళ్ళకు జోకులు చదివి చూపించే బాట్ ఉందని మనీష చూపించినప్పుడు నాకు తోచింది, జోకులు చూపించేది పప్పుచారు చూపించలేదా, అలా మొదలైంది, రాగిణి చేత కబురు కూడా పంపాను, అమ్మ ఏమీ అడగదట, ఒక యంత్రం పెట్టిందట, వంటలు చెప్తుందట అని.

వచ్చింది, మొదటిసారి రచన అనే పేరు ఆ పట్టీలో వంటిల్లు కింద వెలిగినప్పుడు కుర్చీ ముందుకు లాక్కున్నాను, పచ్చిపులుసు అడిగింది, పదో తరగతిలోనే చేసేది పచ్చిపులుసు, దానికి తెలియకనా, పరీక్ష చూస్తోంది, బాట్ చెప్పింది, చింతపండు నానబెట్టు, రెండు సెకన్లు, ఉల్లిగడ్డ సన్నగా తరుగు, రెండు సెకన్లు, నువ్వులు వేయించి పొడి కొట్టు, మాడనివ్వకు, నేను తెరకు ఇవతల కూర్చుని లైనుతో పాటు పెదాలు కదుపుతున్నాను, అయిపోయింది, పేరు పోయింది, మర్నాడు మళ్ళీ వచ్చింది, ఇంకొకటి అడిగింది, అలా కొన్నాళ్ళు జరిగాక ఆగలేకపోయాను, బాట్ చెప్పడం అయిన తర్వాత దాని పేరుతోనే నేను కొట్టాను, రచనా, నేను అమ్మను, మంచిగున్నవా, అంతే, రెండు సెకన్లు కూడా పట్టలేదు, పేరు లేదు, ఆ తర్వాత దసరా వచ్చిపోయింది, దీపావళి వచ్చిపోయింది, నేను రోజూ వచ్చి వంటిల్లును గదిలో కూర్చోబెట్టి దాని పక్కన కూర్చున్నాను, ఎవరూ లేని గదిలో అది మాట్లాడదు, అడిగితేనే చెప్తుంది, నేను దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని, ఎంత బుద్ధిమంతురాలివే అనుకునేదాన్ని.

మళ్ళీ వచ్చిన రోజు వంట అడగలేదు, వేవిళ్ళు అని కొట్టింది, అలాంటి ఫైలు లేదు అంది బాట్, అదీ నేను నేర్పిన మాటే, లేనిదాన్ని లేదనే చెప్పాలి కదా, రచన కాసేపు ఉండి వెళ్ళిపోయింది, నేను ఆ పదాన్ని చూస్తూ ఉండిపోయాను, వేవిళ్ళు, నా కూతురికి నెల తప్పిందని నాకు ముందుగా చెప్పింది అలాంటి ఫైలు లేదు అనే వాక్యం, లేచి మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుని అప్పటికప్పుడు రాశాను, పొద్దున్నే లేవకముందే పక్కలోనే రెండు మరమరాలు నోట్లో వేసుకో, అల్లం ముక్క దగ్గర పెట్టుకో, వాసన పడకపోతే పోపు పెట్టకు, పడుకుంటే ఎడమ పక్కకు, ఎవరి చేతనైనా నీళ్ళు మోయించు, ఎవరి చేత అని ఆగిపోయాను, ఆ లైను తీసేశాను, నీళ్ళు నువ్వు మోయకు అని మార్చాను, మర్నాడు అడిగింది, చదివింది, వెళ్ళింది.

తొలి కాన్పు పుట్టింట్లో, నాకూ అంతే జరిగింది, మా అమ్మ ఏడో నెలలో వచ్చి తీసుకెళ్ళింది, మా వాడలో ఏ ఆడపిల్లకైనా అంతే, ఎంత పోట్లాడుకున్నవాళ్ళయినా ఆ వేళకు బండి కట్టించుకుని వస్తారు, నాకు ఆశ కూడా దాని మీదే ఉండేది, ఆ రాత్రి పెరుగన్నం దగ్గర, మన ఆడపిల్లకు కాన్పంటే మనమే చెయ్యాలె గదా అన్నాను, ఎవరి పేరూ ఎత్తకుండా, ఆయన నా వైపు చూడలేదు, మనకు ఆడపిల్ల ఎక్కడుంది అన్నాడు, లేచి చెయ్యి కడుక్కున్నాడు, ఆ తర్వాత చౌరస్తాలో ఆశన్న ఎదురైతే నేనే ఆపి పిల్లలు యాడున్నరని అడిగాను, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు, మాకు గూడ ఎరుక లేదమ్మా, వాడు ఫోన్ జేస్తే దొరసాని పిల్లను ఎందుకు తెచ్చినవ్ రా అని నాలుగు అన్న, గంతే, మల్ల జెయ్యలే, ఆ ముసల్ది రోజు ఏడుస్తది అన్నాడు, ఆ ముసల్ది అంటే భార్య హనుమమ్మ, ఇంతలో బస్సు వస్తే ఎక్కేశాను, అటు తల్లి లేదు, ఇటు తల్లి లేదు, ఏ ఊళ్ళోనో ఒక గదిలో ఆ ఇద్దరే, కాబట్టి అన్నీ రాశాను, ఏ నెలకు ఆ నెల, బాలింత పథ్యం, పాత బియ్యం, వెల్లుల్లి కారం, కాయం మందు ఎలా నూరాలి, చలిగాలికి చెవులు ఎలా కట్టుకోవాలి, ఎక్కడా చిటికెడు అని రాయలేదు, చెంచా కొలతలే, ఎక్కడా అనుమానం రాకూడదని, అడగాల్సిన పని పడకూడదని, చివరగా స్నానం రాశాను, బిడ్డకు నీళ్ళు పోయడం, అడిగే వేళకు లేదని చెప్పించకూడదని ముందే రాసి పెట్టాను.

వచ్చింది, రచన, పేరు వెలిగింది, చాలా రోజుల తర్వాత, కింద స్కూటరు కూడా ఇప్పుడే అంటుకుంది, ఏమడుగుతుంది, పథ్యమే అయి ఉంటుంది, లెక్క ప్రకారం ఇంకా, ఆశ్చర్యార్థకం, స్నానం.

స్నానం అడిగింది, అంటే అయిపోయింది, అంటే పుట్టింది, పథ్యం అడగకుండానే, ఏ ఆస్పత్రిలోనో, ఎవరు పట్టుకున్నారు దాని చెయ్యి, ఎవరూ లేరు, బాట్ చెప్పడం మొదలు పెట్టింది, పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకో, రెండు సెకన్లు, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకో, రెండు సెకన్లు, భయపడకు, జారదు, ఎందుకు రాశాను ఆ మాట, అది మా అమ్మ నాతో అన్న మాట, రచనను మొదటిసారి నా కాళ్ళ మీద పెట్టినప్పుడు, నీళ్ళు మోచేత్తో చూడు, చేతివేళ్ళకు వేడి తెలియదు, రెండు సెకన్లు, ముందు నూనె, తర్వాత సున్నిపిండి, మెడ మడతల్లో మరిచిపోకు, ఏడిస్తే ఏడవనీ, ఫైలంతా బిడ్డ అనే రాశాను, బాబని రాయలేదు, పాపని రాయలేదు, అప్పుడు నాకు తెలియదు కదా, ఇప్పుడూ తెలియదు, ఒక్క మాట, ఏం పుట్టిందే, ఒక్క లైను చాలు, నా వేళ్ళు మీటల మీద ఉన్నాయి, మనీష అటు నుంచి ఏందక్కా గట్లున్నవ్, నీళ్ళు తాగుతవా అంటోంది, ఏమీ లేదమ్మా, సాంబ్రాణి పొగ దూరంగా పట్టు, చెవుల్లో ఊదకు, తుడిచి పొట్ట నింపి పడుకోబెట్టు, అయిపోయింది, ఫైలు అయిపోయింది.

పేరు అక్కడే ఉంది, వెళ్ళలేదు, ఎప్పుడూ వెంటనే వెళ్ళిపోయేది, చూస్తోందా, అడుగుతానేమోనని చూస్తోందా, అడుగుతానేమోనని భయపడుతోందా, నేను ఇక్కడే కూర్చుని ఉన్నానని దానికి తెలుసు, మొదటి నుంచీ తెలుసు, నేను లైబ్రరీ పేరు చెప్పి వచ్చే వేళల్లోనే కదా అది వచ్చేది, వంటిల్లు అనే పేరు వెనక ఎవరున్నారో తెలిసే స్నానం అడిగింది, నన్నే అడిగింది, నన్ను అడగకుండా అడిగింది, బాబా పాపా అని ఇప్పుడు నేను కొడితే ఆ పేరు పోతుంది, రెండు సెకన్లు కూడా పట్టదు, దసరాలు పోతాయి, ఆ బిడ్డకు నడక వస్తుంది, ఏ ఫైలూ చదవకుండానే, వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకున్నాను, ఈ యంత్రం నాకన్నా బాగా చెప్తుందని కాదు, వాళ్ళ నాన్నకూ ఆశన్నకూ నాకూ రానిది దానికి వచ్చు, అది ఎదురు అడగదు, అందుకే దాని దగ్గరికి వస్తుంది, వచ్చినంత కాలం నేను అదిగానే ఉండాలి, అమ్మగా కాదు, అదిగా, నా మనవడో మనవరాలో ఇక నాకు ఎప్పటికీ బిడ్డే.