లోవమ్మ ఇవ్వని నొప్పి

పొద్దున్నే లేవగానే లోవమ్మ చేసే మొదటి పని తన తుంటిని తిట్టడం. నులకమంచం పట్టె పట్టుకుని కుడికాలు కిందికి దింపి, "లేవే ముదనష్టపుదానా, ఊరంతా లేచింది, నీకింకా తెల్లారలేదా?" అని నాలుగు తగిలించి, ఎడంకాలి మీద బరువేసి లేచేది. గోడ పట్టుకుని గుమ్మం దాకా, గుమ్మం పట్టుకుని పొయ్యి దాకా. గంజి కాచి మొగుడు చిట్టియ్యకి పోసి, తను రెండు గుక్కలు తాగి, చద్దిమూట కట్టుకుని వీధిలోకి వచ్చేసరికి మాత్రం మనిషి నిటారుగా ఉండేది. నలుగురిలో కుంటడమన్నది ఆవిడ ఇంటావంటా లేదు. పళ్ళు బిగించి, తల ఎత్తుకుని నడిచేది.

ఎందుకు కుంటుతుందండీ మరి! ముప్ఫయ్యేళ్ళుగా ఊడ్పుల ముఠాకి పెద్ద. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి కాలవలు పారిన కొత్తలో చిన్నపిల్లగా చేలో దిగింది, ఇప్పుడు అరవయ్యోపడిలో పడబోతోంది. మండపేటకి రెండు కోసుల దూరంలో, కాలవగట్టు పక్కన వాళ్ళ పేట. ముఠాలో లోవమ్మతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్ళు. వరసగా నిలబడి, నడుం వంచి, నారు నాటుకుంటూ వెనక్కి వెనక్కి అడుగులేస్తారు. వరస మొదట్లో ఉన్న మనిషి ఎంత వేగంగా వెళ్తే అందరిదీ అంత వేగం. ఆవిడ అడుగు వంకరపోతే చేనంతా వంకరే. ఆ మొదటి చోటు లోవమ్మది. ఆవిడ ఊడ్చిన చేను చూడ్డానికి పక్కూరి కామందులు బళ్ళు ఆపుకునేవారు.

ఆ పేటలో ఇంకో పద్ధతుంది, అదీ చెప్పాలి. ఇవాళ నీ ఇంటి మీద తాటాకు నేను కప్పితే, రేపు నా వడ్లు నువ్వు దంపుతావు చూశారూ, దాన్ని బదులంటారు. ఆ పేటవాళ్ళు నొప్పిని కూడా అలాగే బదులిచ్చుకునేవారు. పన్నునొప్పితో అల్లాడుతున్న మనిషి ఎదురింటికెళ్ళి, "కాస్త పట్టవే, పొయ్యి మీద కూరుంది" అనేది. ఆవిడ "ఇలా తే" అనేది. అంతే, బాధ ఇటు నుంచి అటు వెళ్ళేది. జబ్బు ఎవరిది వాళ్ళ ఒంట్లోనే ఉండేది, బాధ మాత్రం మారేది. ఇచ్చేవాళ్ళు నోటితో ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్ళు నోటితో పుచ్చుకోవాలి. లాక్కోడానికి లేదు, అంటగట్టడానికీ లేదు. తిరిగి కావాలంటే ఎవరి దగ్గరుందో వాళ్ళెదురుగా నిలబడి అడగాలి, వాళ్ళు ఇస్తేనే వస్తుంది. పని ఆగకపోతే చాలని కామందులు ఆ సంగతి పట్టించుకునేవారు కాదు.

లోవమ్మ మొయ్యని నొప్పి పేటలో లేదు. తేలు కుట్టిందా, లోవమ్మ దగ్గరికి. కాలు విరిగిందా, లోవమ్మ దగ్గరికి. ఆవిడ వయసుదే సంపూర్ణమ్మ అని ముఠాలో మరో మనిషి, నోరు గలది. దాని తొలికాన్పు నొప్పులు రెండు జాములపాటు లోవమ్మే పట్టి, అలాగే ఆకుమడిలో కూచుని నారు తీసింది. కానీ తన నొప్పి? ఒక్కనాడు ఒక్కరికి ఇచ్చిన పాపాన పోలేదు. "నా నొప్పి నాది. ఒకళ్ళ చేత మోయించుకునే ఖర్మ నాకింకా పట్టలేదు" అనేది. అలా ఆ తుంటి నొప్పిని నాలుగేళ్ళు ఒక్కత్తీ మోసింది.

ఆ ఏడు జ్యేష్ఠంలో కాలవలు వదిలారు, ఆకుమళ్ళు పోశారు. ఓ రోజు లోవమ్మ ఆకుమడి గట్టెక్కుతూ ఎక్కలేక తుమ్మకొమ్మ పట్టుకుని నిలబడిపోయింది. కామందు దొరబాబు గారి కంట పడనే పడింది. చెడ్డమనిషి కాదాయన. దగ్గరికొచ్చి మెత్తగానే అన్నాడు.

"లోవమ్మా, ఈ ఏడు వరస ముందు ఇంకోళ్ళని పెట్టవే. నువ్వు గట్టు మీద కూచుని చూసుకో."

"గట్టు మీదాండీ?"

"తప్పేముందే? వయసొచ్చింది కదా."

"కాలవ పక్క ఎకరం మడి ఉంది కదండీ బాబయ్యా, ఏటా మొదట ఊడ్చేది. పొద్దుగూకేలోపు నా ముందునడకతో అందులో నాట్లు పడిపోతే?"

"పడితే వరస నీదే, నువ్వు చాలనేదాకా. పడకపోతే గట్టెక్కుతావా?"

"చిత్తమండి" అంది లోవమ్మ. అనేసి ఇంటికొచ్చి, ఎవరూ లేకుండా చూసి కళ్ళు తుడుచుకుంది. గట్టు మీద కూచోడమంటే ఆవిడకి బతికుండగానే పాడెక్కడం.

ఇంట్లో పంచాయతీ మొదలైంది. చిట్టియ్య వాత పెట్టించమన్నాడు. "పసుపుకొమ్ము కాల్చి ఒక్క చురక అంటించారంటే నా భుజం నొప్పి ఎగిరిపోయిందే" అని చొక్కా లేని భుజం చూపించాడు.

"ఎగిరిపోతే నిన్న కావిడెత్తమన్నప్పుడు ఎందుకు మూలిగావయ్యా?"

"అది వేరే భుజం."

"ఉన్న నొప్పి చాలదని పైన ఇంకోటా? నీ వాత నువ్వే ఉంచుకో."

కొడుకు సామ్యేలు మిషను బడిలో పంతులు. రాజమండ్రిలో మిషనువాళ్ళ ఆసుపత్రికి వెళ్దామన్నాడు. అక్కడి డాక్టరు దొరసాని చెయ్యి ఒంటి మీద పడ్డానికి సిగ్గుపడి, లోవమ్మ ముందు ఊరి వైద్యుడి దగ్గరికి పోయింది. ఆయన అరుగు కిందే నిలబెట్టి, దూరం నుంచే చూసి, కీళ్ళలో వాతం చేరిందన్నాడు. తైలం చిప్పలో పోసి మెట్టు మీద పెట్టాడు. వావిలాకు కాపడం పెట్టమన్నాడు. వంకాయ తినకు, గోంగూర తినకు, చేప ముట్టకు అన్నాడు. కాపడం పెట్టినంతసేపూ హాయిగా ఉండేది, మాటెందుకు దాచడం. మబ్బు పట్టగానే మళ్ళీ మొదలు. పైగా పులస రోజుల్లో చేప మానమనడం! నెలరోజులు పథ్యం చేసి, చిక్కి సగమై, "సరే పదరా, ఆ దొరసానినీ చూద్దాం" అంది కొడుకుతో.

కాలవ పడవెక్కి ధవళేశ్వరం, అక్కణ్ణించి బండి మీద రాజమండ్రి వెళ్ళారు. దొరసానమ్మ తెల్లగా, సన్నగా, ముక్కు మీద కళ్ళద్దాలతో ఉంది. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుందేమో, అలాగే మాట్లాడింది. ముందు ఓ పెద్ద పుస్తకం తెరిచి అడిగింది.

"అమ్మా, ఈ నొప్పి మీ సొంతమా? లేక ఇతరులది మోయుచున్నారా?"

"సొంతమేనండి" అంది లోవమ్మ, కాస్త గర్వంగానే.

'సొంతము' అని రాసుకుంది దొరసానమ్మ. బల్ల మీద పడుకోబెట్టి కాలు ఇటు తిప్పింది, అటు తిప్పింది. లోవమ్మ కిక్కురుమనలేదు. మొహంలోకి చూసి దొరసానమ్మే చెయ్యి తీసేసింది.

"తుంటి కీలు అరిగినది. దానిని మరల మొలిపించు మందు నా వద్ద లేదు, లోకములో ఎవరి వద్దను లేదు. నేను అబద్ధము చెప్పను. ఈ పొడి నీళ్ళలో కలిపి త్రాగిన యెడల కొంత తగ్గును. కర్ర పట్టుకొనుము, కుడి చేత కాదు, ఎడమ చేత."

"నొప్పి కుడివైపు కదండీ?"

"అందువలననే."

లోవమ్మ లేచి ఎడంచేత్తో కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసింది. నిజమే! సగం బరువు దిగిపోయింది. పేటలో ముసలాళ్ళందరూ నొప్పున్నవైపే కర్ర పట్టుకుని ఏళ్ళ తరబడి ఈడుస్తున్నారు కదా అని నవ్వొచ్చింది.

"బానే ఉందండీ. కానీ దమ్ము చేసిన చేలో కర్ర దిగబడిపోదాండీ?"

"చేలో దిగవలదు."

"అదొక్కటీ కుదరదండి."

దొరసానమ్మ కలం కింద పెట్టింది. "మీ యొద్ద నొప్పి పుచ్చుకొనువారు లేరా?"

లోవమ్మ తల దించుకుంది. సామ్యేలు చెప్పాడు: "పేటంతా ఉన్నారండీ. మా అమ్మే ఇవ్వదు."

తిరుగు పడవలో లోవమ్మ ఓ మూల కూచుని అన్నీ తూచుకుంది. తైలం ఎండగా ఉన్నన్నాళ్ళే. పొడి తాగితే కడుపులో మంట. కర్ర గట్టు మీదే పనికొస్తుంది. వాత సంగతి సరేసరి. ఇక మిగిలింది ఒక్కటే. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయింది. నలుగురి ముందు నోరు తెరిచి అడగడమా? తనా? పళ్ళు బిగించి ఒక్కరోజు గడిపేస్తే చాలనుకుంది.

ఆషాఢం చివర్లో ఊడ్పుల రోజు వచ్చింది. చిరుజల్లు పడుతోంది. మడి దమ్ము చేసి, నారుకట్టలు విసిరి ఉంచారు. దొరబాబు గారు గొడుగేసుకుని కాలవగట్టు మీద నిలబడ్డాడు. లోవమ్మ చీర బిగించి, కర్ర గట్టు మీద పారేసి మడిలోకి దిగింది. బురదలోంచి కాలు పీకేసరికి ప్రాణం పోయినంత పనైంది. అయినా వంగి నారుకట్ట విప్పి, వెనక్కి చూసింది. ఒక్కరూ దిగలేదు. పదకొండుమందీ గట్టు మీద బారులు తీరి నిలబడి ఉన్నారు.

"ఏంటే, ముహూర్తం కావాలా? దిగండి!"

సంపూర్ణమ్మ నడుం మీద చేతులేసుకుంది. "ఆ తుంటి నొప్పి ఇటిస్తే దిగుతాం. లేకపోతే లేదు."

"పిచ్చిగా వాగకే. పొద్దెక్కుతోంది."

"ఎక్కనీ. నా తొలికాన్పు నొప్పులు పట్టావు కదా, అప్పుడు నేను చేతకానిదాన్నని పట్టావా?"

"చేతకానితనం ఏంటే? నీకు ప్రాణం మీదికొచ్చింది."

"ఇప్పుడు నీకేం వచ్చింది మరి? సరదా పుట్టి తిడుతున్నావా తుంటిని పొద్దున్నే? గోడవతల ఉన్న నాకు వినపడదనుకున్నావా? ఇన్నేళ్ళ నించీ మా అందరివీ పుచ్చుకున్నావు. నీది ఒక్కటీ ఇవ్వలేదు. నువ్వొక్కదానివే మనిషివీ, మేమందరం నీ చంటిపిల్లలమా? ఎంత చిన్నచూపే మేమంటే నీకు!"

చివరన సువార్తమ్మ అని మొన్న కాపరానికొచ్చిన పిల్ల ఉంది. అది కూడా, "నన్ను తేలు కుడితే మీరు పట్టారు కదత్తా. నాకూ ఒంట్లో బలం ఉందత్తా" అంది, ఏడుపు గొంతుతో.

లోవమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. తను అందరి కంటే పైన నిలబడ్డాననుకుంది గాని, అందరినీ కిందే నిలబెట్టాననుకోలేదు. చేతిలో నారుకట్ట అటు తిప్పింది, ఇటు తిప్పింది. గట్టు మీద కామందు వాన మబ్బు కేసి చూస్తున్నాడు.

"కాస్త... పట్టవే సంపూర్ణా" అంది. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే ఆవిడకే సరిగ్గా వినపడలేదు.

"ఇలా తే!" అని గట్టిగా కేకేసింది సంపూర్ణమ్మ. మరుక్షణం కుడికాలు మడతపడి గట్టు మీద కూలబడింది. "అమ్మ బాబోయ్! దీన్నా నువ్వు నాలుగేళ్ళు ఎత్తుకు తిరిగావు! కుంటకుండా! నువ్వు మనిషివేనటే లోవమ్మా!"

లోవమ్మకి అప్పుడొచ్చింది ఏడుపు. నొప్పి పోయినందుకు కాదండీ. అదెంత పెద్దదో ఇన్నాళ్ళకి ఇంకొకళ్ళకి తెలిసినందుకు. వానలో ఎవరికీ కనపడదులే అని ఏడ్చేసింది. తరవాత కాలెత్తి చూసింది, దింపి చూసింది. తుంటి పెళ్ళికి ముందు రోజుల్లోలా తేలిగ్గా ఉంది.

"ఒక్కళ్ళే మొయ్యకండి. కట్ట కట్టకీ మార్చుకోండి. ఇంక దిగండే!" అంది పెద్ద గొంతుతో.

దిగారు. సంపూర్ణమ్మ ఓ కట్ట నాటి, పక్కదానికి "పట్టు" అంది. అది ఓ కట్ట నాటి ఆ పక్కదానికిచ్చింది. అలా నొప్పి వరస వెంట చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఇటొచ్చింది. ఎవరి దగ్గరుంటే వాళ్ళ అడుగు కాస్త తడబడేది, ఆ రెండువైపులవాళ్ళూ ఓ చెయ్యి అటు వేసి నాటేవారు. లోవమ్మ ఎన్నిసార్లు "నాకూ వంతివ్వండే" అన్నా, "నువ్వు ముందు చూసి నడు" అని కసిరేవారు. ఆవిడ నడిచింది. అదేం నడకండీ! వెనక్కి వేసే ప్రతి అడుగూ దారం పట్టి గీసినట్టు పడింది. దొరబాబు గారు మధ్యాహ్నం గట్టు వెంట అటు నుంచి ఇటు రెండుసార్లు తిరిగాడు. వరసలో కుంటేది ఎవరో చూద్దామంటే, చూసిన ప్రతిసారీ ఒక్కొక్కరు. లోవమ్మ మాత్రం కాదు. పొద్దు ఇంకా రెండు బారలుండగానే ఎకరం మడీ పచ్చగా నిలబడింది.

"వరస నీదేనే" అని గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు.

కాలవలో కాళ్ళు కడుక్కుని లోవమ్మ ముఠాకి ఎదురుగా నిలబడింది. పని అయ్యాక ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యడం పేట పద్ధతి.

"ఎవరి దగ్గరుందే? ఇచ్చెయ్యండి."

"నా దగ్గర లేదు, సువార్తకిచ్చా" అంది సంపూర్ణమ్మ.

"నేను అవతలికిచ్చేశానత్తా" అంది సువార్తమ్మ.

ఒక్కొక్కరి ముందూ నిలబడి అడిగింది. పదకొండుమందీ లేదంటే లేదన్నారు. "ఎవరు కుంటుతారో చూస్తాగా, నడవండి ముందు!" అంది లోవమ్మ. సరేనని కొంగులు పిండుకుని కాలవగట్టు వెంట ఇంటిదారి పట్టారు. నాలుగడుగులు వేశారో లేదో, పదకొండుమందీ ఒక్కసారే కుడికాలు ఈడ్చుకుంటూ కుంటడం మొదలెట్టారు. ఒకరిని మించి ఒకరు. నవ్వాపుకోలేక పడుతూ లేస్తూ కుంటుతున్నారు.

"ఓసి దొంగపీనుగుల్లారా! నా నొప్పి నాకిచ్చెయ్యండే!" అని వెనకాల అరుచుకుంటూ లోవమ్మ వాళ్ళ వెంట పడింది, రెండు కాళ్ళ మీదా సమంగా.

పేట మొదట్లో చిట్టియ్య నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "ఏంటే ఇది, ముఠా అంతా కుంటుతోంది? ఇందులో నీ నొప్పి ఎవరి దగ్గరుంది?"

లోవమ్మ ఆగి, తల ఎత్తి, వెళ్ళేవాళ్ళందరినీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"నా ముఠాయ్యా అది," అంది. "ఎంత బాగా మోస్తున్నారో చూడు."