గుండీకి పదిహేను రోజులు

బిల్డింగు సెక్రటరీ గారు గుమ్మంలో నిలబడే తీర్పు చెప్పేశారు.

"పదిహేను రోజులు చూస్తాం. ఈలోగా ఈ అంతస్తులో ఎవరైనా చప్పుడు భరించలేకపోతున్నామని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే, మర్నాడే కుక్క మెట్లు దిగిపోవాలి. రాయలేదా, ఉండనివ్వండి. మీకూ గొడవ లేదు, నాకూ తలనొప్పి లేదు."

ఆ అంతస్తులో ఉన్నవి రెండే ఫ్లాట్లు. కాబట్టి ఆ "ఎవరైనా" ఎవరో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆవిడ పక్క గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే ఉంది. పెద్దాసుపత్రిలో నర్సు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే.

"చూడండి మిషనమ్మగారూ, నాకు కుక్కల మీద కక్షేమీ లేదు," అంది నర్సు. "రాత్రంతా వార్డులో నిలబడి తొమ్మిదింటికి ఇల్లు చేరతాను. మూడింటి దాకా పడుకుంటేనే మళ్ళీ మనిషిని. నిద్ర చెడిందంటే మాత్రం రాసిచ్చేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోకండి."

"అయ్యో, నేనెందుకు తిట్టుకుంటానండీ," అంది మిషనమ్మ, లోపల తిట్టుకుంటూనే.

బిల్డింగంతా ఆమెని మిషనమ్మ అనే పిలుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో కాలితో తొక్కే కుట్టు మిషను ఆడుతూనే ఉంది. అసలు ఆమె పుట్టిందే ఆ చప్పుళ్ళో. వాళ్ళమ్మ ఇద్దరు కూతుళ్ళనీ మిషను పక్కన చాప మీద పడుకోబెట్టి జాకెట్లు కుట్టేది. చక్రం తిరిగితే పిల్లలు నిద్రపోయేవాళ్ళు, ఆగితే లేచి ఏడ్చేవాళ్ళు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ పనిలోనే స్థిరపడ్డారు.

గుండీ అక్క కుక్క. కూనగా ఉన్నప్పుడు కోటు గుండీ మింగి, రెండు రోజులు ఇల్లంతా హడలగొట్టి, మూడో రోజు ఏమీ ఎరగనట్టు బయటికి పంపింది. అదే పేరయింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఒంటరి మనిషైన అక్కకి మూడు వారాల కిందట కుడి పక్క పడిపోయింది. చికిత్స చేసేచోటే రెండు మూడు నెలలు ఉండాలన్నారు. నోట మాట సరిగా రావటం లేదు. ఏమడిగినా ముద్దముద్దగా ఏదో అంటుంది. తెలిసేలా వచ్చే మాట ఒక్కటే, గుండీ.

"నా దగ్గరే ఉంటుందే అక్కా," అని చేతిలో చెయ్యేసి చెప్పింది మిషనమ్మ. "నువ్వు నడుచుకుంటూ వచ్చి తీసుకెళ్దువుగాని."

చెప్పటమైతే చెప్పింది. తొమ్మిదేళ్ళ కుక్కని ఇంకెవరూ తీసుకోరు. ఇక్కణ్ణుంచి మెట్లు దిగితే దిక్కులేని కుక్కల్ని ఉంచే షెడ్డుకే వెళ్ళాలి. అప్పుడిక అక్క ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

మొదటి రోజు పొద్దున్నే భర్త బస్సు డ్యూటీకి వెళ్ళగానే గుండీ మోర ఎత్తి మొదలుపెట్టింది. అరుపు కూడా కాదు, ఎవరో పోయినట్టు ఏడుపు. మిషనమ్మ రొట్టె పెట్టింది, బుజ్జగించింది, కసిరింది. గడియారం చూస్తే తొమ్మిదవటానికి పది నిమిషాలు. కాళ్ళూ చేతులూ ఆడక, చేసేది లేక మిషను ముందు కూలబడి, సగంలో ఉన్న కాలరు కుట్టటం మొదలుపెట్టింది. నాలుగు తొక్కులు తొక్కిందో లేదో గుండీ వచ్చి పెడల్ పక్కన చుట్ట చుట్టుకుంది. కిక్కురుమనలేదు. దారం తెంపటానికి మిషనమ్మ ఆగింది. గుండీ మళ్ళీ మోర ఎత్తింది. తొక్కింది. దించింది.

ఓహో, అనుకుంది మిషనమ్మ. తొమ్మిదేళ్ళు అక్క మిషను కిందే కదా పడుకుంది!

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్ళాలు మిషనుని హాల్లోంచి వెనక గదిలోకి మోశారు. హాల్లో అయితే తలుపు అవతలే మెట్లు, చిన్న మూలుగు కూడా బయటికి పోతుంది. వెనక గదికి మూడు వైపులా గోడలే. నేల మాత్రం కాస్త ఎగుడుదిగుడు. మిషను కాలొకటి నేలకి ఆనక, తొక్కినప్పుడల్లా టక్కుమనేది. మిషనమ్మకి అది ఒక చప్పుడనే తోచలేదు.

అప్పట్నుంచి తొమ్మిది నుంచి మూడు దాకా ఆమె కాలు ఆగలేదు. కుట్టటానికి బట్ట ఉంటే బట్ట, లేకపోతే సూదిలో దారం తీసేసి ఉత్తుత్తినే. అన్నం పళ్ళెం మిషను పలక మీదే. బాత్రూముకి పరుగున పోయి పరుగున రావటం.

"ఇన్నాళ్ళూ నేనే పెద్ద డ్రైవర్ని అనుకున్నా," అన్నాడు భర్త, సెలవు రోజున తలుపుకి ఆనుకుని. "నేనైనా స్టాపులో ఆపుతానే! నీ బస్సుకి స్టాపులే లేవు."

"నవ్వు, నవ్వు. కాలు చూడు, ఎలా వాచిందో."

"కాసేపు లే, నేను తొక్కుతా."

అతను తొక్కితే చక్రం వెనక్కి తిరిగి బెల్టు ఊడింది. గుండీ లేచి అతని వంక చూసి, గొంతు సవరించుకుంది. మిషనమ్మ మొగుణ్ణి ఒక్క తోపు తోసి కూర్చుంది.

పదో రోజు మెట్ల మీద నర్సు ఎదురైంది. కళ్ళ కింద నల్లగా చారలు. పలకరిస్తే మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మిషనమ్మ అక్కడే నిలబడి లెక్కలేసుకుంది. ఎక్కడ వినపడింది? నిన్న బాబిన్ మార్చినప్పుడా? మర్నాటి నుంచి ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా తొక్కింది.

పదమూడో రోజు, పదిన్నరకి బెల్లు మోగింది.

తియ్యకుండా ఉండలేదు, లేస్తే గుండీ ఊరుకోదు. రెండోసారి మోగింది. మూడోసారి నొక్కిన వేలు తియ్యలేదు. మిషనమ్మ లేచింది. తలుపు తీసేసరికి వెనక గదిలో ఏడుపు మొదలైంది.

గుమ్మంలో నర్సు. నైటీ మీద తువ్వాలు, రేగిన జుట్టు. చేతిలో కాగితం. సంతకం కనపడుతూనే ఉంది.

"చాటుగా రాసిచ్చే అలవాటు నాకు లేదు," అంది. "ముందు మీ మొహం మీద చెప్పి, ఆ తర్వాతే సెక్రటరీ దగ్గరికి వెళ్దామని వచ్చాను. పన్నెండు రోజులండీ! రాత్రి ఏం జరిగిందో తెలుసా? ఒక మంచం మందు ఇంకో మంచం దగ్గరికి పట్టుకెళ్ళాను. సూది చేతిలో ఉంది. పక్కనున్న అమ్మాయి చూసి చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే?"

మిషనమ్మ చేతులు జోడించింది. "తప్పేనండీ. దాన్ని అరవనివ్వకూడదనే నేను కదలకుండా..."

"ఎవర్ని?"

"గుండీని. కుక్కని."

నర్సు ఒక్క క్షణం చెవి రిక్కించింది. "ఇదేనా దాని అరుపు? ఇది నాకు ఒక్కరోజు కూడా వినపడలేదే!"

"మరి కాగితం..."

"మీ వెనక గదిలో ఏం పెట్టారసలు? పిండిమరా? నా మంచం తలాపు ఆ గోడకే ఉంది. ఇనప మంచం. టక్కు టక్కుమంటూ తలలో మేకులు దిగేసినట్టు అదురుతుంది. కుక్క అరిస్తే చెవుల్లో దూది పెట్టుకుంటాను. మంచానికి ఎక్కడ పెట్టను దూది?"

మిషనమ్మ వెనక గది వైపు చూసింది. ఇరవై ఏళ్ళలో ఆమె నర్సు ఇంట్లో హాలు దాటి లోపలికి వెళ్ళింది లేదు. గోడ అవతల ఏముందో ఏనాడూ అనుకోలేదు. మిషను చప్పుడు ఇంకొకరికి చప్పుడవుతుందని అంతకన్నా అనుకోలేదు.

"మిషనండీ," అంది చివరికి. "అది ఆడుతుంటేనే కుక్క ఊరుకుంటోంది. మీ నిద్ర పోకూడదనే..."

"నా నిద్ర పోకూడదని పన్నెండు రోజులు నా తల పక్కన మిషను తొక్కారా?" నర్సు నవ్వలేదు. లోపలికి నడిచి, కాగితం మిషను పలక మీద పెట్టి, దాని మీద కత్తెర ఉంచింది. "ఇది ఇక్కడే ఉంటుంది. మీరు మిషను ముట్టుకోవద్దు. దాన్ని ఎంత అరుస్తుందో అరవనివ్వండి. నేను దూది పెట్టుకుని పడుకుంటాను. నిద్రపట్టిందా, సరే. పట్టలేదా, గోడ మీద ఒక్కసారి కొడతాను. మూడింటికి వచ్చి కాగితం సంగతి తేలుస్తాను."

వెళ్ళిపోయింది.

మిషనమ్మ నేల మీద కూర్చుని గోడకేసి చూసింది. గుండీ ఏడుస్తోంది. ఇంత గట్టిగా ఎప్పుడూ ఏడ్చినట్టు లేదు. ఒక్క తొక్కు తొక్కితే ఆగుతుంది. చెయ్యి పెడల్ దాకా వెళ్ళింది, వెనక్కి తీసుకుంది. గోడ అవతల మంచం కిర్రుమంది. దెబ్బ పడలేదు.

ఏం చెయ్యాలో తోచక వాచిన కాలు చాపింది. అలవాటుపడ్డ పాదం దానంతటదే ముందుకీ వెనక్కీ ఆడుతోంది. గుండీ ఏడుస్తూనే వచ్చి వాసన చూసింది. ఆడుతున్న పాదం మీద గడ్డం ఆనించింది. ఇంకో రెండు మూలుగులు మూలిగి, మానేసింది.

అప్పుడు తట్టింది మిషనమ్మకి. దానికి కావలసింది మిషను కాదు. తొమ్మిదేళ్ళుగా దాని గడ్డం కింద ఆడిన అక్క కాలు.

పాదం ఆపలేదామె. పదకొండు, పన్నెండు, ఒంటిగంట. కాజాలన్నీ చేత్తోనే కుట్టింది. మధ్యలో పాదం తిమ్మిరెక్కి ఆగితే గుండీ రెండుసార్లు అరిచింది. మిషనమ్మ గోడ మీద దెబ్బ కోసం చెవులప్పగించి కూర్చుంది. పడలేదు.

మూడు దాటింది. మూడున్నర అయింది. నర్సు రాలేదు. సరాసరి సెక్రటరీ దగ్గరికే వెళ్ళిందేమో! కాగితం ఇక్కడుంటే ఏం, ఇంకోటి రాసుకోలేదా?

నాలుగింటికి బెల్లు మోగింది. నర్సు చెంప మీద దిండు ముడత గీత పడి ఉంది. ఒక చెవిలో దూది ఇంకా అలాగే ఉంది.

"అలారం కూడా వినపడలేదు," అంది, తనమీదే కోపంగా. తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి మిషనుని రెండు చేతులా పట్టుకుని ఊపింది. టక్కుమంది. "ఇదీ సంగతి. ఒక కాలు ఆనటం లేదు. పట్టండి ఆ పక్క. హాల్లో ఉన్నన్నాళ్ళూ ఏ బాధా లేదు నాకు, అక్కడికే పోవాలి ఇది."

ఇద్దరూ ఆగి ఆగి మోశారు. ఆ మధ్యలో, మిషను కింద తన చోటు పోకుండా గుండీ నడిచింది. హాల్లో పెట్టాక నర్సు మళ్ళీ ఊపి చూసింది. ఇక్కడా కొంచెం కొట్టుకుంటోంది.

"ఏదైనా అట్టముక్క ఉందా?"

మిషనమ్మ చుట్టూ చూసింది. కత్తెర కింద కాగితం తప్ప ఏమీ కనపడలేదు. నర్సూ దాన్నే చూసింది. సంతకం పెట్టిన ఆ కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, చాలక ఇంకో మడత పెట్టి, వంగి మిషను కాలి కింద దూర్చింది.

"ఏదీ, తొక్కండి."

మిషనమ్మ కూర్చుని తొక్కింది. చక్రం తిరిగింది. టక్కుమనలేదు. గుండీ మడిచిన కాగితాన్ని ఒకసారి వాసన చూసి, పెడల్ పక్కన చుట్ట చుట్టుకుంది.