ఉతికిన గుడ్డ

ఆయమ్మ అప్పటికే సగం వార్డు తుడిచేసింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. గాజుపెట్టెల్లో అరచేతంత ప్రాణాలు, ముక్కుల్లో గొట్టాలు. మూలనున్న వాలుకుర్చీ దుమ్ము దులిపింది. తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చోవడానికి కొన్న కుర్చీ. గోడమీద ఆ బొమ్మ కూడా వేయించారు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు మాత్రం ఇంకా ఊడలేదు. తనిఖీవాళ్లొస్తే కుర్చీ ముందుకొస్తుంది, వాళ్లు పోగానే మూలకి పోతుంది. తల్లులు తలుపు బయట బల్లమీదే. లోపలికొస్తే రోగాలు తెస్తారట! బూట్లతో వచ్చే తనిఖీవాళ్లు పన్నీరు తెస్తారు కాబోలు.

కిటికీ పక్క పెట్టెలోని పిల్ల పొద్దుటినుంచీ కుదురుగా లేదు. ఊపిరి తీయడం మరిచిపోతోంది, మిషను కూతపెడుతోంది. సిస్టర్ పెట్టెలో చేయిపెట్టి వెతికింది.

"ఆయమ్మా, ఇక్కడి గుడ్డముక్క ఏదీ?"

"పాలమరకలతో కంపు కొడుతుంటే బ్లీచింగ్‌లో నానబెట్టి ఉతికాను. మల్లెపువ్వులా వచ్చింది!"

"ఓరి దేవుడా! వాళ్లమ్మ రాత్రంతా జాకెట్లో పెట్టుకుని పంపిన గుడ్డ అది. ఆ వాసనకే కదా పిల్ల కుదుటపడేది!"

ఆయమ్మ మొహం మాడిపోయింది. మరక కనిపిస్తే వదలకపోవడం ఒక్కటే ఇక్కడ ఆమెకు నేర్పారు. తల నెరిసేదాకా అదే చేసింది. సిగ్గు కాసేపే. ఆ వెనకే ఒళ్లు మండింది.

"నాతో ఒక్క ముక్క అన్నారా? చీపురుతో మాటలేంటనుకున్నారు! అయినా వాసనే కావాలంటే గుడ్డెందుకు? మనిషే గుమ్మంలో పడుందిగా!"

కుర్చీ కవరు పరపరా చింపింది. తలుపు తీసింది.

"లే తల్లీ, చేతులు కడుక్కుని రా."

"పెద్ద డాక్టరుగారు చూస్తే?" సిస్టర్ గొణిగింది.

"నామీద చెప్పు. బిడ్డను మాత్రం నువ్వెత్తు, ఆ పని నాకు రాదు."

సిస్టర్ గొట్టాలు కదలకుండా పిల్లను ఎత్తి, కుర్చీలో కూర్చున్న తల్లి ఎదమీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పింది. తల్లి భయంతో బిగుసుకుపోయింది.

"ముందు నువ్వు ఊపిరి పీల్చమ్మా, నిన్ను చూసేగా అది నేర్చుకునేది!" అంది ఆయమ్మ.

కాసేపటికి మిషను కూత ఆగింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చాడు. కుర్చీ చూశాడు, చిరిగిన కవరు చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే. లేపుతారా? లేపండి. మళ్లీ మిషను కూస్తే జవాబు మీరే చెప్పుకోండి."

ఆయన మిషను వైపు చూశాడు. తల్లిని లేవమనలేదు. ఆయమ్మను మాత్రం రేపట్నుంచి రావద్దన్నాడు.

ఆమె చీపురు గోడకు ఆనించి, కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. కళ్లు మూసుకున్న తల్లికి ఆ సంగతే తెలియదు.

వరండా తీగమీద గుడ్డముక్క ఆరుతోంది. తెల్లగా, ఏ మనిషి వాసనా లేకుండా.