అంజలై ఇంటి పొగ

తెల్లవారితే విడవలూరు చివరి వీధిలో ఆడవాళ్ళకు మొదటి పని నిప్పు తెచ్చుకోవడం. ఎవరో ఒకరి పొయ్యి రాజుకుంటే చాలు, తక్కినవాళ్ళు పిడక ముక్క పట్టుకుని ఆ ఇంటికి పోయేవారు. ఇంటింటికీ అగ్గిపుల్ల గీయడం దుబారా అనుకునే రోజులవి. నిప్పుతోబాటు నిన్నటి పులుసు సంగతీ, కోడళ్ళ పొగరు సంగతీ కూడా వీధంతా చుట్టి వచ్చేవి. అంజలై ఇంటికి మాత్రం నిప్పుకని ఎవరూ వచ్చేవారు కాదు.

కారణం ఆమె పొయ్యి పొగ. గాలి ఎటు వీచినా అది దక్షిణానికే వాలేది. సముద్రం మీది గాలి వచ్చినా, పడమటి గాలి దుమ్ము రేపినా, వీధిలో పొగలన్నీ గాలివాటున పోతుంటే అంజలై పొగ ఆమె పుట్టింటి వైపు, పొన్నేరి దిక్కుకు పోయేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వుకోవడమే తప్ప, దాన్ని వింతగా చూసినవాళ్ళు లేరు. అరవామె పొగ అరవదేశానికి పోక ఇంకెటు పోతుంది? మబ్బు పట్టిన రోజున దక్షిణం ఎటో తెలియకపోతే తలెత్తి ఆ పొగనే చూసుకునేవాళ్ళు.

భయం వేరే ఉంది. దాన్ని పుట్టించింది పక్కింటి కామాక్షమ్మ.

"ఆ నిప్పు తెచ్చుకుంటే మన పొయ్యి కూడా దక్షిణానికి తిరిగిపోద్ది. మగపిల్లకాయలు మద్రాసు దారి పడతారు. దాని జోలికి పోబాకండి" అన్నది ఒకనాడు. అది వీధికి చట్టమై కూర్చుంది.

అంజలైని చెంచురామయ్య పెళ్ళాడి తెచ్చుకున్నాడు, వరికోతలకని పొన్నేరి పక్కకు పోయినప్పుడు. అతను ఉన్నంతకాలం ఆమెకు దిగుల్లేదు. అతని అరవం అంతంతమాత్రమే. అయినా రాత్రి అన్నం దగ్గర ఆ విరిగిన ముక్కలతోనే కబుర్లు చెప్పేవాడు, ఆమె కడుపారా నవ్వేది. అతను జ్వరంతో పోయాక ఆమె తన భాషలో మాట్లాడటానికి గేదె ఒక్కటే మిగిలింది.

తెలుగు రాదని కాదు, బాగానే వచ్చు. కానీ ఆమె నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఆ యాసను అలాగే అని చూపేవారు, అందరూ నవ్వేవారు. రాష్ట్రాలు విడిపోయాక "మీ రాష్ట్రం అదిగదా" అని కూడా అనసాగారు. చెడ్డవాళ్ళేం కారు. నవ్వడం అయిపోయాక అడిగింది ఇచ్చేవాళ్ళు. అయినా నలుగురి నవ్వు కోసం రోజూ ఎవరు నోరు తెరుస్తారు? ఒక్కోరోజు పొద్దుగూకేవేళకు గానీ, పొద్దుటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని ఆమెకే గుర్తొచ్చేది కాదు. అప్పుడు గేదె దగ్గరికి పోయి ఏదో ఒకటి చెప్పేది.

అరవై ఒకటిలో, వానలకు ముందు, ఇక చాలనుకుంది. గేదెను ఎదురింటి మాలకొండయ్యకు అప్పగించి, పొయ్యిలో నీళ్ళు చల్లి, మూట కట్టుకుని బయటికొచ్చింది.

"పోయొస్తావా?" అన్నది కామాక్షమ్మ గడపలో నిలబడి.

"పోతా ఉండా" అన్నది అంజలై. ఉండమని ఎవరూ అనలేదు.

పొన్నేరి దగ్గర అన్న ఇంట్లో మొదటి రోజు గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడింది. మర్నాడు పిల్లలు ఆమె మాటతీరుకు పగలబడి నవ్వారు. చేలో పడిన ఆవును అదిలించబోతే నోట తెలుగు వచ్చింది. తెలుగత్త అని పేరు పెట్టేశారు. వదిన పొయ్యి అప్పగించిన పొద్దున పొగ లేచి, కాసేపు తటపటాయించి, ఉత్తరానికి వాలింది. వదిన ఆ వైపు ఆరేసిన చీరలు తీసి ఇవతలి దండెం మీద వేసింది. అన్న మాత్రం ఆ పొగవంక చాలాసేపు చూసి, "నీ ఊరు అటే అయిపోయిందమ్మా" అన్నాడు వాళ్ళ భాషలో. ఆ మధ్యాహ్నం అంజలై అన్నం కలుపుతూ ఏడ్చింది.

మళ్ళీ మూట కట్టుకుని తిరిగొచ్చేసరికి విడవలూరులో ముసురు పట్టి ఉంది. బొడ్లో దోపుకుని తెచ్చిన అగ్గిపెట్టెతో పొయ్యి రాజేసింది. ఈసారి పొగ దక్షిణానికి పోలేదు, ఉత్తరానికీ పోలేదు. గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది. చూరు కింద మూగి, గోడల వెంట తచ్చాడి, ఇల్లంతా నిండి కూర్చుంది. అంజలై ఆ పొగలోనే వండుకుంది, ఆ పొగలోనే తిన్నది, దగ్గుకుంటూ పడుకుంది. ఎటు పోవాలో తెలియనిదాన్ని ఎక్కడికని తరుముతుంది?

మర్నాడు పొద్దున వాకిట్లో అలికిడైంది. నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేతిలో పిడకతో కామాక్షమ్మ నిలబడి ఉంది.

"అంజలై, నిప్పుండాదా?"

అంజలై నమ్మలేనట్టు చూసింది.

"మా కోడలు ఆడబిడ్డను కనింది. బాలింత కాడ కుంపటి ఆరిపోయింది, ఆరకూడదు గదా. వీధిలో అగ్గిపెట్టెలన్నీ చెమ్మగిల్లినాయి."

"నా నిప్పు తీసకపోతే మీ పొగ తిరిగిపోద్దేమో అక్కా" అన్నది అంజలై. దెప్పడానికి కాదు, నిజంగానే భయపడి.

కామాక్షమ్మ తల దించుకుంది. "మా కొడుకు మస్తానయ్య ఎండాకాలంలోనే మద్రాసుకు పోయినాడు. బిడ్డ పుట్టిందని కబురంపినా రాలేదు. పోయేవోడు నీ నిప్పు లేకుండానే పోయినాడు. ఊరికే ఇన్నాళ్ళు నిన్ను..." అంటూ పిడక ముందుకు చాపింది.

అంజలై కణకణలాడే నిప్పు తీసి పిడక మీద పెట్టింది. కామాక్షమ్మ దాన్ని గోనె చాటున దాచుకుని వానలో దిగింది. అప్పుడు ఇంట్లో పొగ కదిలింది. చూరు కింది నుంచి, మూలల నుంచి దిగి, గడప దాటి, కామాక్షమ్మ వెనకే పక్కింట్లోకి పోయింది.

కాసేపటికి అటునుంచి పిలుపు వినిపించింది.

"నీ పొగ మా ఇంటికొచ్చేసింది అంజలై. దాన్నొక్కదాన్నే పంపిస్తే ఎట్ట? నువ్వూ రా, బిడ్డకు నీళ్ళు పోయాల."

అంజలై కొంగు నెత్తిన కప్పుకుని వెళ్ళింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, వాటి మీద బిడ్డను పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే ఆమె నోట తనకు తెలియకుండానే అరవంలో లాలిపాట వచ్చింది. ఉలిక్కిపడి ఆపబోయింది. ఎవరూ నవ్వలేదు. ఏడుస్తున్న బిడ్డ ఏడుపు మాని, ఆ పాట వింటోంది. దానికి ఇంకా ఏ భాషా రాదు.